గంజి పెట్టిన బో టై

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా వీధి మొత్తం మీద బో టై కట్టుకోవడం తెలిసిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన మా పక్కింటి నానా. సెలవుల్లో వచ్చే ఆయన మనవళ్ళు నానా అని పిలుస్తుంటే విని, వీధి పిల్లలందరమూ అలాగే పిలిచేవాళ్ళం. హైదరాబాదులో ఒక పెద్ద క్లబ్బులో ఆయన ముప్పై ఏళ్ళు బేరర్‌గా పనిచేశారు. తెల్లకోటు, నల్ల బో టై వేసుకుని బల్లల మధ్య తిరుగుతూ వడ్డించడం ఆయన ఉద్యోగం. నాకు ఊహ తెలిసేసరికి ఆ ఉద్యోగం అయిపోయింది, సొంత ఊరికి వచ్చేశారు, పక్షవాతం వచ్చి కుడి చేయి చచ్చుబడింది కూడా. పొద్దున్నే అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, వచ్చేపోయే వాళ్ళందరినీ పేరుపేరునా పలకరించేవారు.

నేను మాత్రం ఎవరినీ పలకరించేదాన్ని కాదు. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికినది నా ముందు బెంచీ వాళ్ళకు కూడా వినపడక, తరగతిలో కూర్చునే గైర్హాజరైన రోజులు ఉన్నాయి. చెప్పాలనుకున్నవన్నీ రాసుకునేదాన్ని. పాత లెక్కల నోటుబుక్కులో మిగిలిన పేజీలే నా డైరీ. ఇంట్లో మగ్గం చప్పుడు ఎప్పుడూ ఉండేది కనుక నేను మాట్లాడకపోవడం ఎవరికీ పెద్దగా తెలిసేది కాదు. మా నాన్న, అంటే బాపు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తుంటే, పక్కన గోడకు ఆనుకుని ఏదో ఒకటి చదువుకునేదాన్ని.

ఏడో తరగతిలో ఉండగా మా బడి వార్షికోత్సవం వచ్చింది. కార్యక్రమం మొదలు నుంచి చివరి దాకా వేదిక మీద ఏం చెప్పాలో రాసుకు రమ్మని మా తెలుగు టీచర్ తరగతి మొత్తానికి పని ఇచ్చారు. నేను మూడు పేజీలు రాశాను. ఏ పాటకు ముందు ఏ మాట రావాలో, ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ ఆగాలో అన్నీ అందులో పెట్టాను. టీచర్ చదివి, కళ్ళద్దాలు తీసి, నన్ను లేచి నిలబడమన్నారు.

"ఇది నువ్వే రాసినవా? అయితే నువ్వే చదువాలె. రాసినోళ్ళే చదువాలె."

నాకు రాదని చెప్పాలనుకున్నాను. కానీ అది చెప్పాలన్నా నోరు తెరవాలి కదా. నేను మాట్లాడకపోవడాన్ని ఆమె ఒప్పుకున్నట్టే లెక్కవేసి, పేరు రాసుకున్నారు. నాతో పాటు వేదిక మీద చెప్పడానికి పక్క సెక్షన్ అబ్బాయిని ఒకడిని తీసుకున్నారు. ఇద్దరికీ ఒకే రకం బట్టలు: తెల్ల చొక్కా, నల్ల బో టై. వార్షికోత్సవానికి ఇంక పదిరోజులే ఉన్నాయి.

ఆ సాయంత్రం అమ్మ నన్ను బజారుకు తీసుకుపోయింది. దొరికినవన్నీ చిన్నపిల్లలవి, ముందే ముడి వేసి, వెనక రబ్బరు పట్టీ కుట్టినవి. ఒకటి మెడకు తగిలించి చూసింది. రబ్బరు గొంతును కరిచినట్టు పట్టుకుంది. తిరిగి వస్తుంటే అరుగు మీద నుంచి నానా చూశారు.

"ఏం బేటీ, బజారుకు పోయి వచ్చినోళ్ళ ముఖం గట్లనే ఉంటదా?"

అమ్మే సంగతంతా చెప్పింది. బో టై అనే మాట వినగానే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఒళ్ళో ఉన్న కుడి చేయి పక్కకు జారిపోయినా చూసుకోలేదు.

"రబ్బరుదా? గది పాలు తాగే పిల్లలకు కట్టే మూతిగుడ్డ. బో అంటే చేత్తోని కట్టాలె. ఇంట్ల మగ్గం పెట్టుకొని బట్ట కోసం బజారుకు పోయినవా చెల్లె?"

మరునాడు పాత పేపరు ఒకటి తెప్పించుకుని, ఎడమ చేత్తో పెన్సిలు పట్టుకుని దాని మీద బొమ్మ గీశారు. గీత వణికి ఆగి ఆగి నడిచింది. మెడ చుట్టూ వచ్చే చోట సన్నగా, రెండు కొసల దగ్గర సీతాకోకచిలుక రెక్కల్లా వెడల్పుగా ఉంది ఆకారం. బాపు ఇచ్చిన నల్ల నూలు గుడ్డను ఆ కొలతకు కత్తిరించి అమ్మ మిషను మీద కుట్టింది.

నేను ఆ గుడ్డ పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను, కానీ నా మనసులో ఉన్నది వేరు. ఆ రోజు డైరీలో రాసుకున్నది నాకు ఇప్పటికీ గుర్తుంది: బో కట్టుకోవడం నేర్చుకుంటే వేదిక ఎక్కక తప్పదు, నేర్చుకోకపోతే నానా బాధపడతారు. నా ముఖం చూసి ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. ఒక ఒప్పందం పెట్టారు.

"ఒక పని చేద్దాం. కట్టుడు మంచిగ నేర్చుకో. నేర్చుకున్నంక గూడ నీకు వద్దనిపిస్తే, నేనే బడికి వచ్చి మీ టీచరమ్మకు చెప్త, ఈ పిల్లను వదిలెయ్యిన్రమ్మా అని. మాటంటే మాట."

నాకు అంతకంటే ఏం కావాలి. తప్పించుకోవడానికి ఒక దారి దొరికింది, ఆ దారి మెడ చుట్టూ తిరిగి పోతుంది. అంత పట్టుదలగా నేను అంతకు ముందు ఏదీ నేర్చుకోలేదు.

చెప్పడానికి అది చిన్న పనే. ఎడమ కొస కుడి కొస కంటే రెండు వేళ్ళు పొడుగ్గా ఉండేలా మెడలో వేసుకోవాలి. పొడుగు కొసను పొట్టి కొస మీదుగా తెచ్చి, కింద నుంచి పైకి లాగాలి. పొట్టి కొసను మడిచి గొంతు దగ్గర అడ్డంగా, రెక్కలా పట్టుకోవాలి. పొడుగుదాన్ని దాని నడుమ మీదుగా కిందికి వదలాలి. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. ఆ తర్వాత, ఆ రెక్క వెనకాల ఎక్కడో ఒక సందు ఉంటుంది. అది కంటికి కనపడదు. పొడుగు కొసను మడిచి, ఆ సందును వేలితో వెతికి, అందులోకి తోయాలి. తోసేటప్పుడు అప్పటిదాకా పట్టుకున్నది జారకూడదు.

నాకు ప్రతిసారీ జారేది. నానా ఏదీ ముట్టుకుని చూపించలేరు. ఎడమ చేతి చూపుడువేలితో గాలిలో గీస్తూ మాటలతోనే చెప్పేవారు. నేను ఇంట్లోకి పోయి గోడకున్న అద్దం తెచ్చుకుంటే దాన్ని బోర్లా పెట్టించారు.

"అద్దం వద్దు. మా క్లబ్బుల అద్దమే లేకుండె. అందరం గట్లనే కడుతుంటిమి."

ఆయన భార్య నానీ లోపల బియ్యం ఏరుతూ అక్కడి నుంచే అందుకున్నారు. "ఎందుకు పిల్లకు అబద్ధాలు చెప్తున్నవ్? గోడంత అద్దం ఉండె. దాని ముంగట నుంచి ఈయన జరుగుతలేడని మేనేజర్ సాబ్ రోజు తిడుతుండె."

నానా కొంచెం కూడా తడబడలేదు. "అందుకే చెప్తున్న. అద్దం చూసినన్ని రోజులు నాది వంకరనే వచ్చింది. అద్దంల చూస్తే మనసు మూతి మీదికి పోతది, మీసం మీదికి పోతది. చేతుల మీద ఉండదు."

"మీసం మీదికే పోతుండె, అది నిజం," అన్నారు నానీ.

ఇంకో సంగతి కూడా ఆయన అప్పుడే చెప్పారు. కొత్తలో పెద్ద పెద్ద వాళ్ళ బల్లల దగ్గరికి సూప్ గిన్నెలు పట్టుకుపోవాలంటే ఆయన కాళ్ళు వణికేవట. అందరూ తననే చూస్తున్నారనిపించేదట. "తర్వాత తెలిసింది. నన్ను ఎవ్వరు చూస్తలేరు. గిన్నెను చూస్తున్రు. ఆకలైనోళ్ళు వడ్డించేటోని ముఖం చూడరు బేటీ." అది నాకోసమే చెప్పారని అప్పుడు తెలియలేదు. నేను కనపడని సందు కోసం వేలు పెట్టి వెతుక్కుంటున్నాను.

కట్టడం, విప్పడం. ఒక్క కొస పట్టి లాగితే ముడి మొత్తం ఒక్కసారిగా విడిపోయి, ఏమీ జరగనట్టు గుడ్డ మెడలో వేలాడేది. ఒక్కోసారి ఏడుపు వచ్చేది. ప్రతి ప్రయత్నానికీ డైరీలో ఒక గీత పెట్టాను. బడికి పోయే ముందు, బడి నుంచి వచ్చాక, బాపు మగ్గం పక్కన గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని కూడా కట్టాను. పేజీ నిండా గీతలయ్యాయి, రెండో పేజీలోకి వచ్చాయి. వార్షికోత్సవానికి మూడు రోజుల ముందు, నానా అరుగు మీదే, వేలు దానంతటదే సందులోకి పోయింది. రెండు రెక్కలూ పట్టుకుని లాగాను. ముడి బిగిసింది. వదిలాను. నిలబడింది.

నానా నన్ను దగ్గరికి రమ్మని ఆ ముడిని ఎడమ చేతి రెండు వేళ్ళతో తాకి చూశారు. ఆ తర్వాత ఒళ్ళో ఉన్న కుడి చేతి వైపు చూసుకున్నారు. ఎవరో బయటికి పోయిన మనిషి తిరిగి వచ్చినట్టు ఆయన ముఖం వెలిగిపోయింది. నానీని కేకేసి పిలిచారు. దారిన పోయే పాలాయనను ఆపి మరీ చూపించారు. ఇప్పుడు ఒప్పందం ప్రకారం నేను అడగాలి. ఇంక వద్దు నానా, టీచర్‌కు చెప్పండి అనాలి. ఆ ముఖం చూస్తూ ఆ మాట అడగడం నా వల్ల కాలేదు. ఇంటికి వచ్చి డైరీలో మాత్రం రాసుకున్నాను: రేపు అడుగుతాను. మరునాడు కూడా అదే రాసుకున్నాను.

వార్షికోత్సవానికి ముందు రోజు సాయంత్రం అమ్మ నా తెల్ల చొక్కా, బాపు పంచె, తన చీర ఉతికి గంజి పెడుతోంది. గంజి పెట్టని నూలు బట్ట మా అమ్మ దృష్టిలో ఇంకా తయారు కాని బట్టే. నేసే ఇంట్లో పుట్టి, నేసే ఇంటికి వచ్చిన మనిషి. చొక్కా ముంచింది, పంచె ముంచింది, ఆ తర్వాత నా బో టై కూడా తీసి గిన్నెలో ముంచింది. నేను గడపలో నిలబడి చూస్తున్నాను.

గంజి పెడితే అది మడత పడదని నాకు తెలుసు. మెత్తగా ఉంటేనే రెక్క మడతపడుతుంది, ముడి బిగుస్తుంది. ఇన్ని రోజులూ దాన్ని చేతుల్లో పట్టుకున్నదాన్ని నేనే. ఒక్క మాట చాలు, అమ్మా దానికి వద్దు అని. నేను ఆ మాట అనలేదు. ఎవరినీ అడగకుండా, ఎవరి ముఖమూ చిన్నబుచ్చకుండా, తప్పించుకునే దారి ఆ గిన్నెలో తయారవుతోంది. లోపలికి పోయి పుస్తకం తెరిచి కూర్చున్నాను. ఏ పేజీ తిప్పానో ఇప్పుడు గుర్తు లేదు.

మరునాడు బడికి నాలుగింటికల్లా పోవాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక నానా గోడ అవతల నుంచి పిలిచారు. "బో పట్టుకొని రా బేటీ. పోయే ముందు ఒక్కపారి చూసుకుందాం."

అమ్మ ఇస్త్రీ చేసి దండెం మీద వేసిన గుడ్డను తీసుకుపోయాను. నల్లగా, నిటారుగా, కత్తిరించిన అట్టముక్కలా ఉంది. ఆయన ముందే మెడలో వేసుకుని మొదటి ముడి వేశాను. రెక్క మడవబోతే అది టక్కున విచ్చుకుంది. మళ్ళీ మడిచాను. మళ్ళీ విచ్చుకుంది. మూడోసారి కూడా అయ్యాక నేను తయారుగా పెట్టుకున్న మాట అన్నాను.

"గంజి ఎక్కువైంది నానా. ఇంక కాదు."

నానా ఆ గుడ్డ చేతిలోకి తీసుకున్నారు. వేలితో మీటారు. అప్పడంలా చప్పుడైంది. ఆ తర్వాత నా వైపు చూశారు.

"అమ్మ గంజిల వేస్తున్నప్పుడు నువ్వు ఇంట్లనే ఉన్నవా?"

నేను నేల చూశాను. నేను మాట్లాడని పిల్లనే కానీ, నా మౌనాల్లో తేడాలు ఆ పదిరోజుల్లో ఆయనకు బాగానే తెలిసిపోయాయి. తిడతారేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు. ఒప్పందం గుర్తుచేయలేదు. కుర్చీ చేయి పట్టుకుని మెల్లగా లేచి, కాలీడ్చుకుంటూ నల్లా దగ్గరికి పోయారు. అక్కడున్న బకెట్లో గుడ్డను వేసి ఎడమ చేత్తో నలపడం మొదలుపెట్టారు. నీళ్ళు తెల్లబడ్డాయి. బకెట్ ఒంచడానికి మోకాలు ఆనించారు. మళ్ళీ నీళ్ళు పట్టారు, మళ్ళీ నలిపారు. నానీ లోపలి నుంచి రాబోతే తల అడ్డంగా ఊపారు. మూడోసారికి నీళ్ళు తేటగా వచ్చాయి. గుడ్డ పైకి తీశారు. పిండాలి.

పిండాలంటే రెండు చేతులు కావాలి. ఆయన గుడ్డను పిడికిట్లో పెట్టి నొక్కారు. కొన్ని నీళ్ళు కారాయి. బకెట్ అంచుకు వేసి అదిమారు. జారి లోపల పడింది. మళ్ళీ తీశారు. ఒక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని రెండో కొసను మెలితిప్పబోయారు. ముప్పై ఏళ్ళు తెల్లకోటులో మరక లేకుండా తిరిగిన మనిషి బనీను మీద నీళ్ళు కారుతున్నాయి. నేను అరుగు మీద రెండు చేతులూ ఊరికే పెట్టుకుని నిలబడి చూస్తున్నాను.

అంత సిగ్గు నాకు ఏ వేదిక మీదా, ఎంతమంది ముందూ ఆ తర్వాత కలగలేదు. దిగి పోయి ఆ కొస ఆయన నోటి నుంచి తీసుకున్నాను. ఆయన ఒక కొస ఎడమ చేత్తో గట్టిగా పట్టుకున్నారు. రెండో కొస నేను రెండు చేతులతో మెలితిప్పాను. నీళ్ళన్నీ మా ఇద్దరి కాళ్ళ మీద పడ్డాయి.

గోడ అవతల నుంచి అమ్మ తల కనపడింది. "అయ్యో, దానికి గంజి వద్దని ఒక్క మాట చెప్పకపోతివి బిడ్డా?"

"నాకు తెలుసమ్మా. కావాలనే చెప్పలే."

అది ఆ గోడ దాటి, అమ్మను దాటి, లోపల నేస్తున్న బాపుకు కూడా వినపడింది. మగ్గం చప్పుడు ఆగింది. అమ్మ నన్ను చూసి, "మరి గింత నోరు ఉంచుకొని ఏడ దాచిపెట్టినవే ఇన్నొద్దులు," అంది. ఆ తర్వాత గడియారం చూడమని తొందరపెట్టింది. ఆరేసేంత సమయం లేదు. ఇస్త్రీ చేద్దామంటే కరెంటు పోయింది.

"తడిదే కట్టు," అన్నారు నానా. "తడి ముడి ఊడదు."

కట్టాను. చల్లని గుడ్డ గొంతుకు తగిలి ఒళ్ళు జలదరించింది. మెత్తని రెక్క చెప్పినట్టు మడతపడింది, వేలు సందును వెతకకుండానే కనుక్కుంది. మొదటిసారికే వచ్చింది. తెల్ల చొక్కా కాలరు మీద చుట్టూ తడి మరక పాకింది. టీచర్‌కు చెప్పమని నేను ఆయనను అడగలేదు. బాపు సైకిలు బయటికి తీశాడు.

వేదిక మీద నేను గొప్పగా చెప్పానని రాస్తే అబద్ధమవుతుంది. మొదటి వాక్యం ముందు వరుసకు కూడా వినపడలేదు. పక్కనున్న అబ్బాయి తన రబ్బరు బో సర్దుకుంటూ నా వంతు కూడా తనే చెప్పేయడానికి సిద్ధమవుతున్నాడు. నేను కాగితం మీదికి వంగి, ఆ వాక్యమే మళ్ళీ మొదలుపెట్టాను, ఈసారి ఆ కాగితాన్ని నానా సూప్ గిన్నెలా పట్టుకుని చదివాను. ఆ మాటలు ఎవరి కోసం రాశానో వాళ్ళు ఎదురుగా కూర్చుని ఉన్నారు. వాళ్ళకు వడ్డించాలి, అంతే. ఒక పేజీలో ఒక వరుస రెండుసార్లు చదివాను. ఒక నాట్యాన్ని ముందే పిలిచి, పిల్లలు ఇంకా తయారు కాలేదంటే వెనక్కి తీసుకున్నాను. నవ్వించాలని రాసిన చోట ఎవరూ నవ్వలేదు, రాయని చోట నవ్వారు. కానీ మూడు పేజీలూ పూర్తయ్యేదాకా కిందికి దిగలేదు. చివరి పాటకు వచ్చేసరికి గొంతు దగ్గర గుడ్డ ఆరిపోయింది, నేను గమనించనే లేదు.

నానా, నానీ ఆటోలో వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. అయిపోయాక నేను దగ్గరికి పోతే ఆయన నా మెడ వైపు చూశారు. "ఎడమ రెక్క జర వంగింది," అన్నారు. అని, తన ఎడమ చేత్తో దాన్ని సరిచేశారు.

ఇప్పుడు నేను హుస్నాబాద్‌లో ఒక వ్యవసాయ కార్యాలయంలో పనిచేస్తున్నాను. రోజూ బస్సులో పోయి వస్తాను, దారిలో చదువుకుంటాను, రాత్రికి డైరీ రాసుకుంటాను. మనుషుల ముందు లేచి మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ భయమే. అది పోలేదు. పోతుందని నేను ఎదురుచూడటం మాత్రం మానేశాను. ఆ రోజు తర్వాత నాకు నిలిచిపోయినది ధైర్యం కాదు, ఒక గుర్తుపట్టడం. నేను వేయని అడ్డంకి ఏదైనా సరిగ్గా వేళకు నా దారిలో వచ్చి పడినప్పుడు, లోపల ఎవరో హమ్మయ్య అని ఊపిరి వదులుతారు. ఆ ఊపిరిని నేను వెంటనే గుర్తుపడతాను.

పోయిన నెల రైతుల సమావేశంలో కొత్త దరఖాస్తుల గురించి వివరించే పని నాకు పడింది. నా వంతు వచ్చేసరికి మైకు చెడిపోయింది. మా అధికారి మంచివారు, నా సంగతి తెలిసినవారు. "పర్వాలేదమ్మా, కాగితాలు పంచేద్దాం, మీరు కూర్చోండి," అన్నారు. హాలు నిండా మనుషులు, పని వదులుకుని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. కొందరు ఆ కాగితం చదవలేరు. లోపల ఆ ఊపిరి మెల్లగా బయటికి రాబోతోంది.

"లేదు సార్, చెప్తాను," అని, కుర్చీల మధ్యకు నడిచి, అందరికీ వినపడే చోట నిలబడ్డాను.